ఎంగిలి బంతి

బంతికి ఎంగిలి ఉండదని నాకు మొదట చెప్పినవాడు మా అపార్ట్‌మెంట్స్‌లో కింది అంతస్తులో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి. మేముండే ఊరు పార్సిప్పనీలో ఒకప్పుడు గోదాముగా ఉన్న షెడ్డులో పచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచి, గంటల లెక్కన అద్దెకిస్తారు. నేను అక్కడ శనివారాలు పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతాను. ఆయన వాళ్ళమ్మాయిని తీసుకొచ్చి, ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఇద్దరు పిల్లలు గోల్ నాదంటే నాదని పోట్లాడుకున్నారు. నేను అలవాటు కొద్దీ "ఎంగిలి ఎవరిది?" అని అడిగాను. చివరగా బంతిని తాకింది ఎవరని నా ఉద్దేశం. పెద్దమనిషి టీ ఒలికిపోయేలా నవ్వాడు.

"ఎంగిలి అంటే తినేదానికి అంటారండీ బాబూ. బంతికి ఎంగిలేంటి? మీ తెలుగు భలే కామెడీగా ఉంటుంది."

ఆ మాట నేను మరిచిపోలేదు. ఆ మరుసటి వారం ఒక తల్లి, కోచ్ అంకుల్ పిల్లలకి ఎంగిలి గురించి చెబుతున్నారని, ఇది హైజీన్ కాదని షెడ్డు మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టింది. మేనేజర్ నన్ను పిలిచి, ఉమ్ముతో ఏదైనా ఆట ఆడిస్తున్నావా అని అడిగాడు. అదీ మరిచిపోలేదు. ఎంగిలి అంటే నాకేమిటో వాళ్ళెవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

నేను మారిషస్‌లో చెరుకు తోటల మధ్య ఉన్న ఒక ఊళ్ళో పుట్టాను. మా ముత్తాతల తండ్రులు కోరంగి రేవులో ఓడెక్కి అక్కడికి చెరుకు నరకడానికి వెళ్ళారు. ఆ దీవిలో తెలుగువాళ్ళని చాలాకాలం కోరంగివాళ్ళనే పిలిచారు. నా చిన్నతనానికే ఊరందరి నోటా క్రియోల్ భాష. మా ఇంట్లో మాత్రం నాయనమ్మ తెలుగు మాట్లాడేది. బడిలో తెలుగు పంతులుగా పనిచేసే మా నాన్న తెలుగు చదివించేవాడు. ఆమెది శ్రీకాకుళం వైపు తెలుగు, ఆయనది పుస్తకాల తెలుగు. ఈ రెండూ కలిసిన నా మాట విని, ఇక్కడి తెలుగువాళ్ళలో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడతారేంటండీ అన్నవాళ్ళున్నారు. మారిషస్ అని చెప్పగానే, హనీమూన్‌కి వెళ్ళాం, బీచ్‌లు సూపర్ అన్నవాళ్ళున్నారు. ఆ తర్వాత, "అది సరేనండీ, అసలు మీ ఊరేది?" అని అడిగేవారు. అసలు ఊరు అదే అంటే నమ్మకం కుదరనట్టు తల ఊపేవారు.

మా పెరట్లో ఒక మామిడి చెట్టు ఉండేది. ఇంటినిండా పిల్లలం. రాలిన పండు దొరికినవాడు మట్టి కూడా తుడవకుండా దాన్ని నాలుకతో తాకి, "నా ఎంగిలి" అని అరిచేవాడు. ఇక ఆ పండుని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. ఇంట్లో నాయనమ్మ పట్టింపు అలాంటిది. చెరుకు కొట్టేసిన నేలమీద బంతి ఆడేటప్పుడు అదే మాట బంతికి అంటుకుంది. కాళ్ళ గుంపులోంచి బంతి గోల్‌లోకి దూరితే, చివరగా ఎవరి కాలు తగిలిందో వాడు "నా ఎంగిలి" అనేవాడు. ఇందులో అబద్ధం ఆడేవాళ్ళు లేరు. తన నోరు తగలని పండుని తన ఎంగిలి అని ఎవడు చెప్పుకుంటాడు? క్రియోల్ ఇళ్ళ పిల్లలు, భోజ్‌పురి ఇళ్ళ పిల్లలు కూడా అర్థం తెలియకుండానే ఆ మాట పట్టుకున్నారు. వాళ్ళెవరూ నవ్వలేదు.

నేను పొట్టివాణ్ణి, కానీ గోల్ ముందు ఎక్కడ నిలబడాలో నాకు తెలుసు. ఊరి జట్టు నుంచి క్లబ్బుకి, క్లబ్బు నుంచి దీవి జట్టుకి స్ట్రైకర్‌గా వెళ్ళాను. స్ట్రైకర్ అంటే గోల్ కొట్టడానికే ఉన్న మనిషి. మా దీవి జట్టు ఎక్కువగా ఓడిపోయేది. ఓడిపోయే జట్టులో స్ట్రైకర్ పని, పెళ్ళిభోజనంలో ఆఖరి బంతిలో కూర్చోవడం లాంటిది. వడ్డన మన విస్తరి దాకా వచ్చేసరికి గిన్నెలు ఖాళీ. అలాంటిచోట కూడా నేను గోల్స్ కొట్టాను. అవి చూసి, పెన్సిల్వేనియాలో ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడ్డ ఒక ఊరి క్లబ్బువాళ్ళు పిలిచారు. రెండో స్థాయి లీగ్. టీవీలో రాదు. అయినా జీతమిచ్చి ఆడించే ఆట. మా ఊళ్ళో అంతకుముందు ఎవరికీ దక్కనిది.

వచ్చిన రోజునే కోచ్‌కి నా పేరు పలకడం రాలేదు. రెండుసార్లు ప్రయత్నించి, "ఐలాండ్ అని పిలుస్తాం, ఏం ఫరవాలేదుగా?" అన్నాడు. ఫరవా ఉందో లేదో చెప్పేలోపే అది స్థిరపడిపోయింది. నేను గోల్ కొట్టినప్పుడల్లా స్టేడియంలో జమైకా సంగీతం వేసేవాళ్ళు. జమైకా మాకు ప్రపంచానికి అటువైపు ఉంటుందని చెప్పాను. మ్యాప్ చూపించాను. అవునా అని ఆశ్చర్యపోయి, తర్వాతి గోల్‌కి అదే సంగీతం వేశారు.

ఆ జట్టులో నాతో పాటు ఇంకో స్ట్రైకర్ ఉండేవాడు. ఆ ఊరివాడే. చాలా పొడుగు. బంతిని కాలితో కంటే తలతో బాగా కొట్టేవాడు. ప్రాక్టీసు అయిపోయి అందరూ వెళ్ళాక కూడా, ఎవరో ఒకరిని బతిమాలి బంతులు వేయించుకుని తలతో కొడుతూనే ఉండేవాడు. వేరే ఊళ్ళకి వెళ్ళినప్పుడు హోటల్‌లో మా ఇద్దరికీ ఒకే గది. అతను నన్ను ఐలాండ్ అన్నాడు కాబట్టి నేను అతన్ని పొడుగు అన్నాను. ఒకరోజు సగం తిన్న శాండ్‌విచ్ నావైపు తోశాడు. నేను వెనక్కి తోశాను. కోపమొచ్చిందేమో అనుకున్నాడు. అప్పుడు ఎంగిలి అంటే ఏమిటో, మామిడిపండు సంగతేమిటో, అది బంతికి ఎలా వచ్చిందో చెప్పాను. అతనికి ఎంత నచ్చిందంటే ఆ రోజు నుంచి మైదానంలో "ఎంగ్లీ, ఎంగ్లీ" అని అరవడం మొదలుపెట్టాడు. మిగతా ఆటగాళ్ళు అతను ఇంగ్లీషు, ఇంగ్లీషు అంటున్నాడనుకునేవాళ్ళు.

ఒక మ్యాచ్‌లో అతని జుట్టుకి రాసుకుని బంతి గోల్‌లోకి వెళ్ళింది. స్టేడియం మైకులో నా పేరు చెప్పారు. నేను రిఫరీ దగ్గరికి వెళ్ళి, ఇది నాది కాదు, అతనిది అన్నాను. జుట్టు తగిలినా తగిలినట్టే. పొడుగు నా దగ్గరికొచ్చి నా నెత్తిమీద ముద్దు పెట్టాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాన్ని తూచడానికి ఇది కావాలి.

సీజన్ చివర, గెలిచినవాళ్ళు ఫైనల్‌కి వెళ్ళే మ్యాచ్. వర్షం. ఇరుపక్కలా సమానం, ఆట ముగింపుకొచ్చింది. మాకు మైదానం మూల నుంచి బంతి కొట్టే కార్నర్ దొరికింది. బంతి గాల్లోకి లేచింది, పొడుగు దానికంటే పైకి లేచి తలతో కొట్టాడు. గట్టిగానే కొట్టాడు. కానీ బంతి గోల్‌కి కాదు, దూరపు స్తంభం అవతలికి పోతోంది. స్ట్రైకర్‌గా నాకు తెలిసిన విద్య అంతా ఆ దూరపు స్తంభం దగ్గర ఉండటమే. తడిగడ్డి మీద జారుతూ కాలు చాపాను. బూటు కొన బంతికి తగిలింది. బంతి లోపలికి తిరిగింది. నా మోకాలు స్తంభానికి కొట్టుకుంది.

లోపల ఏదో తెగిన చప్పుడు నాకు వినబడింది. కళ్ళు తెరిచేసరికి నెట్‌లో పడి ఉన్నాను. బంతి నా మొహం పక్కనే ఆగి ఉంది, దానిమీద వర్షపు చుక్కలు జారుతున్నాయి. మా జట్టంతా మూల జెండా దగ్గర పొడుగు మీద కుప్పగా పడి ఉంది. మైకులో అతని పేరు మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నారు, స్టేడియం బదులిస్తోంది. నా దగ్గరికి మొదట వచ్చింది గోల్ తిన్న అవతలి జట్టు గోల్‌కీపర్. అతనే చేతులూపి డాక్టర్‌ని పిలిచాడు.

ఆసుపత్రికి పొడుగు బెలూన్లు పట్టుకుని వచ్చాడు. మోకాలి గురించి అడిగాడు, కోచ్ గురించి ఏదో జోక్ చెప్పాడు. నేను ఒక్కటే అడిగాను.

"ఎంగిలి ఎవరిది?"

అతను బెలూన్ దారాన్ని మంచం కమ్మీకి కడుతూ, "నాదని రాసేశారు, ఐలాండ్. నేనేం చేయను?" అన్నాడు.

"వాళ్ళు ఏం రాశారని అడగలేదు."

అతనికి ముడి వేయడం రాలేదు. దారం చేతిలోంచి జారి బెలూన్ పైకి వెళ్ళి సీలింగ్‌కి అంటుకుంది. దాన్నే చూస్తూ కాసేపు నిలబడి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. నాది అని చెప్పినా బాగుండేది, పోట్లాడేవాణ్ణి. నీది అని చెప్పినా బాగుండేది. ఏదీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో నాయనమ్మ ఇంకా ఉంది. ఆ దీవి పేపర్లో నేను గాయపడ్డానని మాత్రం వచ్చింది, గోల్ సంగతి రాలేదు. ఫోన్‌లో ఆమె, "కాలు సరే, మరి ఎంగిలి ఎవలిదిరా?" అని అడిగింది. నాదేనని చెప్పాను. "మరింకేటి" అంది. నన్ను సాక్ష్యం అడగకుండా నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె పోయినప్పుడు నేను రెండో ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నాను.

రెండు ఆపరేషన్ల తర్వాత కూడా మోకాలు మొత్తం వంగలేదు. క్లబ్ నన్ను వదిలేసింది. ఆ గోల్ చూసి పొడుగుని పెద్ద లీగ్‌వాళ్ళు తీసుకున్నారు. టీవీలో అతన్ని పరిచయం చేసినప్పుడల్లా ఆ వర్షం, ఆ తల, ఆ బంతి. ఒకే కెమెరా, ఎదురుగా. నా కాలు బంతిని తాకిన చోట, స్తంభం వైపు తిరిగిన గోల్‌కీపర్ వీపు అడ్డం. తెర మీద నేను కనబడేది చివరన, నెట్‌లో పడ్డ ఒక తడిగుడ్డలాగా.

నేను ఆట మానేశాక ఈ దేశంలో ఎలా ఉండిపోయానన్నది చెప్పుకోదగ్గ కథ కాదు. పెళ్ళి, ఉద్యోగం, గ్రీన్ కార్డ్, అందరిలాంటిదే. చెప్పుకోవలసింది నా ఫిర్యాదు. నేను మైదానంలో చివరగా బంతిని తాకింది ఆ ఒక్క క్షణం. ఆ తాకిడి నాది కాదంటే నేను స్ట్రైకర్‌గా ఆట ముగించలేదు, స్తంభానికి గుద్దుకుని ముగించాను. అందుకే ప్రతి సీజన్ మొదట్లో క్లబ్బుకీ లీగ్‌కీ రాస్తూనే ఉన్నాను. మొదట్లో రికార్డు మార్చడం కుదరదని జవాబిచ్చేవారు. తర్వాత జవాబులు ఆగిపోయాయి. ఒక ఏడాది ఎవరో కొత్త కుర్ర ఉద్యోగి చాలా మర్యాదగా రాశాడు: మా జట్టుకి ఇంతకాలంగా అభిమానిగా ఉన్నందుకు ధన్యవాదాలు. అభిమాని. నేను ఆ జట్టుకి ఆడానని అతనికి తెలియదు.

కింది అంతస్తు పెద్దమనిషికి ఒకసారి ఇదంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "లైట్ తీస్కోండి అంకుల్, ఎవరిదైతేనేం, టీమ్ గెలిచిందిగా" అన్నాడు. ఆయన రాసిన కోడ్ ఇంకొకరు తమదని చెప్పుకున్నప్పుడు అదే మాట చెబుదామని అప్పటినుంచి ఎదురుచూస్తున్నాను. పైగా అంకుల్ అన్నాడు. మా ఇద్దరిదీ ఒకే వయసు.

పోయిన ఏడాది ఆకులు రాలే కాలంలో ఒక ఫోన్ వచ్చింది. పొడుగు భార్య. నన్ను ఆమె ఎప్పుడూ కలవలేదు. అతనికి మతి పోతోందని చెప్పింది. ఏళ్ళ తరబడి తలతో బంతి కొట్టడం వల్ల కావచ్చని డాక్టర్లు అన్నారట. ఇంకా ముసలితనం రాలేదు, కానీ నిన్నటి సంగతి గుర్తుండదు, పిల్లల పేర్లు కలిసిపోతున్నాయి. అప్పుడప్పుడూ ఐలాండ్ ఏడీ అని అడుగుతున్నాడట. ఏ ఐలాండ్ అంటే చెప్పలేడట. పాత క్లబ్బుకి ఫోన్ చేసి అడిగితే, ఆ పేరు చెప్పగానే అక్కడివాళ్ళు నా నంబర్ వెంటనే ఇచ్చేశారట. ఫిర్యాదులు రాయడం వల్ల నాకు కలిగిన మేలు అదొక్కటే.

ఒకసారి వచ్చి చూడమంది. తర్వాత, "ఆ గోల్ గురించి మాత్రం అతనితో వాదించొద్దు. అతనికి మిగిలిన జ్ఞాపకం అదొక్కటే" అంది.

మాటివ్వలేనని చెప్పాను. అయినా రమ్మంది.

ఐ-80 హైవే మీద పడమరకి కారు నడిపాను. డెలావేర్ నది దాటాక కొండలన్నీ ఎర్రగా ఉన్నాయి. దారంతా చెప్పవలసినదాన్ని ఇంగ్లీషులో సిద్ధం చేసుకున్నాను. అతని ఇల్లు పెద్దది, వెనక అద్దాల గది ఉంది, అందులో మెత్తటి సోఫాలో కూర్చుని బయట పచ్చిక మీద రాలుతున్న ఆకుల్ని చూస్తున్నాడు. జుట్టు నెరిసింది, ఒళ్ళు మాత్రం అలాగే ఉంది. నన్ను చూసి లేచి చెయ్యి కలిపాడు. ఫర్నేస్ బేస్‌మెంట్‌లో ఉందని చెప్పాడు. నన్ను హీటింగ్ బాగుచేయడానికి వచ్చినవాణ్ణి అనుకున్నాడు.

భార్య కాఫీ పెట్టింది. పక్కనే కూర్చున్నాను. కాసేపటికి అతనంతట అతనే మొదలుపెట్టాడు. వర్షం పడుతోందట. కార్నర్ అట. అతను అందరికంటే పైకి లేచాడట. చెబుతున్నప్పుడు అతని మొహం వెలిగింది. తల ఎలా తిప్పాడో కూర్చున్నచోటే చూపించాడు. బంతి నేరుగా లోపలికి వెళ్ళిందట.

"లోపలికి వెళ్ళలేదు," అన్నాను. "బయటికి పోతోంది. నా కాలు తగిలి లోపలికి తిరిగింది. ఆ గోల్ నాది."

వంటగట్టు మీద ఆమె కప్పు గట్టిగా పెట్టిన చప్పుడైంది. అతనికి కోపం రాలేదు. మొహమంతా నవ్వు పరుచుకుంది.

"నిజంగానా? అయితే నీ ఎంగ్లీ," అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "గుడ్ గోల్, మ్యాన్."

నేను ఎవరో అతనికి తెలియదు. ఆ మాట మాత్రం ఉంది. ఆసుపత్రి మంచం మీద అడిగినదానికి జవాబు ఇన్నేళ్ళకి వచ్చింది. సాక్ష్యం కోసం అతని భార్య వైపు తిరిగాను. ఆమె సింక్‌లోకి చూస్తూ, "సంతోషమా?" అంది.

నా కాఫీ పూర్తవకముందే అతను నా మోకాలి మీద తట్టి, వర్షం పడుతోంది, కార్నర్, నేను అందరికంటే పైకి లేచాను అన్నాడు. అదే వెలుగు. నేను మళ్ళీ చెప్పాను. అతను మళ్ళీ ఆశ్చర్యపోయాడు, మళ్ళీ చెయ్యి కలిపాడు, మళ్ళీ గుడ్ గోల్ అన్నాడు. ఈసారి ఎంగిలి మాట రాలేదు. దానికోసం ఎదురుచూశాను, రాలేదు.

అతను మరోసారి మొదలుపెట్టినప్పుడు నేను ఏమీ అనలేదు. జాలిపడి కాదు. ఎన్నిసార్లు గెలిచినా కాఫీ చల్లారేలోపే గోల్ అతనిదైపోతోంది. విసుగొచ్చి, తర్వాత ఏమైందని అడిగాను.

"అందరూ నా మీద పడ్డారు," అన్నాడు. "ఊపిరాడలేదు. వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి చూశాను. నెట్‌లో ఒకడు పడి ఉన్నాడు. చిన్నవాడు. కదలట్లేదు."

"చూశావా?"

"చూశాను. వెళ్దామనుకున్నాను. వీళ్ళు వదల్లేదు. తర్వాత..." అని ఆగిపోయాడు. తర్వాత ఏముందో వెతుక్కుని, దొరక్క, చెయ్యి సోఫా మీద పెట్టాడు.

ఎవరూ చూడలేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. అది ఒకరకంగా తేలిక. గోల్ సందడిలో ఎవరికీ కనబడలేదు, అంతే. చూసి రాలేదన్నది కొత్త సంగతి. నేను రాసిన అన్ని ఫిర్యాదుల్లోనూ ఇది లేదు. ఇలా ఒకటి ఉంటుందని నాకు తట్టలేదు. 

"వాడు లేచాడా?" అని అడిగాడు పొడుగు.

"లేవలేదు," అన్నాను.

అతని మొహంలో కంగారు కనబడింది. సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. "మరి మనం ఇక్కడ కూర్చున్నామేంటి? పద," అని చెయ్యి చాపాడు.

ఆ సోఫా చాలా పల్లంగా ఉంది. నా మోకాలితో దాంట్లోంచి లేవాలంటే పక్కకి తిరిగి, చేతులు ఆనించి, ఒక్కో కాలూ సర్దుకోవాలి. అతను ఆగలేదు. మైదానంలో పడినవాణ్ణి లేపేటట్టు నా మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. లేచాను. నా బరువు తూలితే భుజంతో ఆపుకున్నాడు. ఎవరిని లేపుతున్నాడో అతనికి తెలియదు.

ఇద్దరం వెనక తలుపు దాకా నడిచాం. అతను ఎటైనా వెళ్ళిపోతాడని ఆమె దానికి పైన గడియ పెట్టింది. అద్దంలోంచి పచ్చిక వైపు చూశాడు. ఆకులు తప్ప ఏమీ లేదు.

"ఎవరూ లేరే," అన్నాడు. "ఎవరో లేపి తీసుకెళ్ళుంటారు."

"అయ్యుంటుంది," అన్నాను.

అతని చెయ్యి నా మణికట్టు మీదే ఉంది. ఆమె వచ్చి మెల్లగా విడిపించేదాకా వదల్లేదు.

ఇప్పుడు వీలైనప్పుడల్లా వెళ్తున్నాను. ఒక్కోసారి ఫర్నేస్ మనిషిని, ఒక్కోసారి అతని మేనమామని. అతను గోల్ సంగతి చెప్పినప్పుడు కొన్నిసార్లు నాదని చెబుతాను, కొన్నిసార్లు చెప్పను. అతని భార్య ఏమీ అనడం మానేసింది. చలికాలంలో ఒకసారి అతను బిస్కెట్ కొరికి మిగతాది నా వైపు తోశాడు. పక్కన పెట్టాను. ఇంటికి వచ్చే దారిలో, తిని ఉండాల్సింది అనిపించింది.

క్లబ్ వెబ్‌సైట్‌లో ఆ గోల్ ఇంకా అతని పేరు మీదే ఉంది. ఈ సీజన్ మొదట్లో కూడా రాశాను. రాస్తున్నప్పుడు, అతను నన్ను చూశాడన్న సంగతి కూడా కలుపుదామనుకున్నాను. ఒక వాక్యం రాసి చూసుకుని తీసేశాను. గోల్ సంగతి వాళ్ళు సరిదిద్దవలసిందే. ఇది వాళ్ళ రికార్డులో ఎక్కించేది కాదు.